దక్కను దేవాలయ చరిత్రలు: డోర్నకల్ ప్రధాన దేవాలయము

గత సంచికలో మూసీనది ఉత్తరపుటొడ్డున, కోఠీలో, కర్క్‌పాట్రిక్ దొర కట్టించిన రెసిడెన్సీ భవనపు చరిత్రను ముగించితిమి. ఆ భవనమునందు కాపురముండిన బ్రిటిషు రెసిడెంటులకును, వారి కొలువులోని ఉద్యోగులకును ఆరాధన కొరకొక తావు కావలసివచ్చినప్పుడు, అక్కడికి అనతిదూరమున, నేడు ఆబిడ్సు అని పిలువబడు ప్రాంతమున, పందొమ్మిదవ శతాబ్ది నడుమ, సెయింట్ జార్జి పేరిట నొక దేవాలయము వెలసెను. 1834లోనే ఆరంభమైన గ్రామర్ స్కూలు దాని ప్రక్కన నేటికిని నడచుచున్నది. ఇది ఆదిలో ఆంగ్లికన్ సంఘమునకు, అనగా బిషప్పుల యేలుబడిలో నడచు ఇంగ్లండు దేశపు సంఘమునకు చెందిన గుడి. అమెరికాలో ఈ శాఖనే ఎపిస్కోపల్ సంఘమని వ్యవహరింతురు. చార్మినారు నీడలో పుట్టి పెరిగిన పాతబస్తీవాసి నయాపూలు దాటి వచ్చి ఈ గోథిక్ కట్టడము నెదుట నిలిచినచో, ఇంగ్లండులోని యే పల్లెనుండియో దీనిని పెకలించి తెచ్చి యిచ్చట నాటినట్లు తోచక మానదు. అందు కట్టినవారి దోషమేమియు లేదు. పరదేశమున బ్రదుకువాడు దైవసన్నిధిని తన ఊరి గుడినే తలచుకొనును.

అయినను చరిత్ర వ్రాయువాని కొక ప్రశ్న మిగిలియే యున్నది. నిజాము రాజ్యమున నీ ఆంగ్లికన్ క్రైస్తవము తెలుగువాని యింటి ధర్మమై, తెలుగువాని నోటి పాటయై, ఈ నేల రాతిలో రూపుకట్టిన దెచ్చట? రాజధానిలో వెదకిన నిందుకు సమాధానము దొరకదు. వరంగల్లుకు ఆగ్నేయముగా, బెజవాడకు పోవు రైలుదారిలో, డోర్నకల్ అను చిన్న జంక్షను ఊరిలో అది దొరకును. ఈ సంచికలో ఆ ఊరి కథయు, ఆ గుడి కథయు చెప్పుదము.

డోర్నకల్ పేరుకు ప్రసిద్ధి తెచ్చినవి రెండు: మొదటిది బొగ్గు, రెండవది బిషప్పు. 1870 దశకపు ఆరంభమున భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు పొరలను కనుగొనెను. 1874లో వాడి నుండి హైదరాబాదు చేరిన నిజాము రైలుమార్గము వరంగల్లు మీదుగా ముందుకు సాగి, 1889 నాటికి బెజవాడను తాకెను. సింగరేణి బొగ్గును మోసికొని వచ్చుటకు ఇల్లందు నుండి వేసిన శాఖామార్గము ప్రధానమార్గమును కలిసిన చోటు డోర్నకల్. ఇంజనులు నీరు పట్టుకొనుటకును, బోగీలు మార్చుకొనుటకును ఆగెడి ఆ చోట రైలు పనివాండ్రు, వారి వెంట చిల్లర వర్తకులు, కూలీలు చేరిరి. చుట్టును చింతచెట్లు, జొన్నచేలు, చెరువుల క్రింది మళ్లు. ఆ మళ్లలో తరతరాలుగ వెట్టి చేయుచు వచ్చిన మాల మాదిగ వాడలు. ఇట్టి ఊరు ఇరువదవ శతాబ్దిలో క్రైస్తవ ప్రపంచమంతటికిని తెలిసిన పేరగునని ఆనాడెవరును ఊహించి యుండరు.

ఆ పేరు తెచ్చినవాడు తెలుగువాడు కాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై అను పల్లెలో, నాడారు కులమున, ఒక గ్రామ గురువు కుమారుడుగా జన్మించెను. మదరాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతయు తిరిగెను. 1902లో ఆయన యాఴ్పాణము, అనగా జాఫ్నా, పోయినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులను ఇతర ప్రాంతములకు సువార్త సేవకై పంపుచుండుట చూచెను. తిరునల్వేలి సంఘములు వారికంటె పెద్దవి, పాతవి. కాని అవి దొరల సొమ్ముకొరకు ఎదురుచూచుచు కూర్చున్నవి. ఈ చింత ఆయనను విడువలేదు. మరు సంవత్సరమే, 1903 ఫిబ్రవరిలో, తిరునల్వేలి భారతీయ మిషనెరీ సంఘము స్థాపితమైనది. ధనము భారతీయులది, సేవకులు భారతీయులు, నిర్వాహము భారతీయులది కావలెనని దాని నియమము. ఇది కాంగ్రెసులో స్వదేశీ నినాదము మిన్నుముట్టుటకు రెండేండ్లకు ముందటి మాట యని పాఠకులు గమనింపవలెను.

ఆ సంఘము తన సేవకు ఎన్నుకొన్న క్షేత్రము నిజాము రాజ్యపు తూర్పు భాగమున, అప్పటికి మరే మిషనును గట్టిగా అడుగిడని డోర్నకల్, మానుకోట ప్రాంతము. తిరునల్వేలి పల్లెలనుండి బయలుదేరిన తమిళ యువకులు తెలుగు నేర్చుకొని, జొన్నరొట్టె తినుట కలవాటుపడి, ఉర్దూ దస్తావేజుల నడుమ, దొరల గడీల నడుమ పనిచేయ మొదలిడిరి. 1909లో అజరయ్య తానే వై.ఎం.సి.ఏ. ఉద్యోగమును విడిచి, గురుపట్టమును పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తోను బిడ్డలతోను డోర్నకల్ చేరెను. మదరాసు వంటి నగరమున పేరు, ప్రతిష్ఠ, దేశవిదేశములలో మిత్రులు గల ముప్పదియైదేండ్లవాడు, తన భాష కాని భాషలో అక్షరములు దిద్దుకొనుచు, ఎద్దుబండ్ల మీద పల్లె పల్లె తిరుగుటకు సిద్ధపడుట సామాన్యమైన త్యాగము కాదు.

మరు సంవత్సరము, 1910 జూను నెలలో, స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. పన్నెండువందలకు పైబడిన ప్రతినిధులలో ఆసియావాసులు ఇరువదిమంది కూడ లేరు. ఆ సభలో అజరయ్య లేచి, విదేశ మిషనెరీలకును దేశీయ సేవకులకును నడుమనున్న సంబంధమును గూర్చి మాటాడెను. దొరలు మా కొరకు ప్రాణములర్పించిరి, ఆస్తులు ధారపోసిరి, కాని మమ్ము మిత్రులుగా ఎంచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టినవారు అరుదు అని ఆయన చెప్పిన భావము. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకొనిరి, కొందరు మెచ్చుకొనిరి. దొర యింటి వరండా వరకు వచ్చి నిలువబడిపోయిన ప్రతి దేశీయ గురువు మనస్సులోని మాటనే ఆయన ఆ మహాసభలో, ఆంగ్లభాషలో, మర్యాద తప్పక పలికెను.

అటుపిమ్మట రెండున్నర యేండ్లకు చరిత్ర గతి మారినది. మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఒక భారతీయుని బిషప్పుగా నియమింపవలెనని పట్టుబట్టెను. ప్రతిఘటన పెద్దది. ఒక నల్లవాని క్రింద తెల్లవారెట్లు పనిచేయుదురని దొరలలో కొందరు. నాడారు కులస్థుని పీఠముపై కూర్చుండబెట్టుటయా అని దేశీయ క్రైస్తవులలోను కొందరు. ఈ వివాదమును దాటుటకు వైట్‌హెడ్ కనుగొన్న ఉపాయము డోర్నకల్. బ్రిటిషు ఇండియా సరిహద్దులకు వెలుపల, నిజాము రాజ్యమున, భారతీయ సేవకులే పనిచేయుచున్న ఒక చిన్న క్షేత్రమునకు అతనిని అధ్యక్షుని చేసి, తన సహాయకుడుగా కూడ నిలుపుకొన్నచో, అభ్యంతరములకు చోటు తక్కువ. 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్సు కథీడ్రల్‌లో, ప్రధాన బిషప్పగు కోపుల్‌స్టన్ ఆధ్వర్యమున, ముప్పదియెనిమిదేండ్ల అజరయ్య తలపై చేతులుంచి అభిషేకము జరిపిరి. ఆంగ్లికన్ సంఘచరిత్రలో అతడు మొట్టమొదటి భారతీయ బిషప్పు. అంతకంటె ముఖ్యమైనది, అతడు మరణించిన 1945 వరకును, సొంత అధ్యక్షఖండమును, అనగా బిషప్పు పాలనలోని ప్రాంతమును, ఏలిన ఆంగ్లికన్ బిషప్పులలో అతడు తప్ప మరియొక భారతీయుడు లేకుండుట. ముప్పదిరెండేండ్లపాటు ఒక్కడే! ఆ యొంటరితనపు బరువు ఎట్టిదో ఊహించుకొనవలసినదే.

చిన్నక్షేత్రముగా ఆరంభమైన ఖండము చిన్నదిగా నిలువలేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, కృష్ణా, గోదావరి, ఖమ్మం ప్రాంతములలోని చర్చి మిషనెరీ సొసైటీ సంఘములును, కర్నూలు, కడప జిల్లాలలోని సువార్త వ్యాపక సొసైటీ (ఎస్.పి.జి.) సంఘములును డోర్నకల్ అధ్యక్షఖండములో కలియుటతో, 1841లో హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు బందరులో మొదలిడిన సేవయు, గోదావరి గట్టున దుమ్ముగూడెములో కోయల నడుమ సాగిన సేవయు ఒక్క భారతీయ బిషప్పు చేతిక్రిందికి వచ్చినవి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. ఏ దొరలు ఒక భారతీయుని క్రింద పనిచేయజాలమనిరో, ఆ దొరలలో పలువురు పదేండ్లకే ఆయన క్రింద పనిచేసిరి, సంతోషముతోనే చేసిరి. 1941 నాటికి ఆ ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. దేశీయ గురువులు నూరుమందికి మించిరి, పల్లె బడులు నడుపు ఉపదేశులు వేలలో లెక్కకు వచ్చిరి.

కట్టడము కథకు ముందు, ఆ కట్టడములోనికి వచ్చి కూర్చున్నవారి కథ చెప్పవలెను. లేనియెడల రాళ్లకు అర్థముండదు.

నిజాము రాజ్యపు తూర్పు పల్లెలలో మాల మాదిగలు దేశముఖులకును, జాగీర్దారులకును, పటేలు పట్వారీలకును వెట్టి చేయవలసినవారు. చెప్పులు కుట్టి యియ్యవలెను, మోట బొక్కెనకు తోలు కట్టవలెను, అధికారి వచ్చినచో సామాను నెత్తిన మోయవలెను, కబురు వచ్చినచో ఊరినుండి యూరికి పరుగెత్తవలెను. కూలి లేదు, కొలత లేదు. పట్వారీ లెక్కలలో భూమి గలవాని పేరుండును గాని, భూమిలేని వాడలోని మనుష్యుని పేరు వ్రాసికొనువారు తరచుగా లేరు. అటువంటి మనుష్యుడు తెల్లవారకముందే చెరువులో మునిగి, ఉతికిన బట్ట కట్టి, భార్యాబిడ్డలతో వచ్చి బాప్తిస్మము పొందినప్పుడు, గురువు ఒక రిజిస్టరు తీసి వ్రాయును: తేది, పొందినవాని పేరు, తలిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చినవాని సంతకము. ఆ ఆరు గళ్లలో, వంకర తెలుగు అక్షరములలో, పలు కుటుంబముల పేర్లు తొలిసారిగా కాగితమునకెక్కినవి. తాతల పేర్లు తెలిసికొనవలెనన్నచో నేడును ఆ వాడల బిడ్డలకు ఆ రిజిస్టరే ఆధారము. తెలంగాణ సామాజిక చరిత్ర వ్రాయబూనువారు గోలకొండ ఫర్మానులను వెదకినంత శ్రద్ధతో ఆ గళ్లను వెదకవలసియున్నదని నా నిశ్చితాభిప్రాయము.

బాప్తిస్మము పొందినవారిచే అజరయ్య మరియొక పని చేయించెడివాడు. తమ చేయి తమ తలపై నుంచుకొని, తాము విన్న శుభవార్తను మరియొకరికి చెప్పక ఊరకుండబోమని ఒక్కొక్కరిచే పలికించెడివాడు. నిన్నటివరకు నోరెత్తుటకు వెరచినవాడు తన తలపై తానే చేయి వేసికొని, పదిమంది నడుమ, నేను చెప్పుదును అనుట! ఆ వాక్యములోని మతవిషయమెట్లున్నను, మనుష్యుడు మాట్లాడుట నేర్చుకొన్న క్షణము అది.

ఆర్థికవిషయమున ఆయన పట్టుదల మరింత గట్టిది. బీదవారికి ఇచ్చు ధర్మమే గాని బీదవారు ఇచ్చు ధర్మము ఆనాటి మిషనులలో పెక్కింటికి తోచలేదు. అజరయ్యకు తోచినది. వాడలోని ప్రతి గృహిణియు కుండలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయవలెను. ఆదివారమున ఆ ముంతను గుడికి తేవలెను. జొన్న తినునింట జొన్నయే. ఆ పిడికిళ్లు కలిసి గోనె నిండును. ఆ గోనె ఉపదేశి జీతములో భాగమగును. కోత పండుగనాడు గుడి ముంగిట కట్టివేసిన కోళ్లు, గుమ్మడికాయలు, కందుల మూటలు, గ్రుడ్లు, అప్పుడప్పుడొక మేకపిల్ల. ప్రార్థన ముగిసిన తోడనే వేలము. ఇట్లు సంఘపు ఖర్చులో దినదినమునకు పెద్దభాగము వాడల చేతిమీదుగనే వచ్చెను. ఆకలి తెలిసిన యిల్లాలు పొయ్యి ముందు కూర్చుండి తన పిడికిలి నొకసారి విప్పుటలో గల ఘనతను ఆయన గుర్తించినట్లు మరియొకరు గుర్తింపలేదు. అన్బు మరియమ్మాళ్ పల్లె స్త్రీలను సంఘములుగా కూర్చుట కూడ ఈ వరుసలోనిదే. అశుభ్రత, రోగము, అప్పు, కల్లు అను నాలుగు భూతములను వాడలనుండి వెడలగొట్టవలెనని బిషప్పు చెప్పుచుండుటయు ఆ పల్లెలలో పెద్దలనోట నిలిచిపోయిన మాట.

పాశ్చాత్యపు రాగములకంటె తెలుగు కీర్తనలు, తాళములు, హరికథవంటి కాలక్షేపములు, ఊరేగింపులు గుడిలోనికి రావలెనని ఆయన కోరెను. ఆయన సొంత తెలుగు తమిళపుయాస గలదే. అయినను ఆ యాసతోనే పల్లెవారికి అర్థమగునట్లు బోధించెడివాడు. ఇంతచేసినను, చరిత్రకారుడు సత్యమును దాచరాదు గనుక, ఒక మాట చెప్పవలెను: మాల మాదిగ భేదము గుడి గడపయొద్ద ఆగిపోలేదు. ఒకే ఊరిలో రెండు వాడల క్రైస్తవులు ఒక పాత్రలో త్రాగుటకు వెనుదీసిన సందర్భములు కలవు. దానితో అజరయ్య జీవితాంతము పోరాడెను, పూర్తిగా గెలువలేదు. అదే కాలమున, అదే రాజ్యమున, హైదరాబాదు నగరమునందు భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, అణగారిన కులములవారి ఆది హిందూ ఉద్యమమును నడుపుచుండెను. ఇద్దరి త్రోవలు వేరు, ఒకే గాయమునకు ఇద్దరును మందు వెదకిరి. ఈ ఇద్దరిని కలిపి చదివిన గ్రంథము తెలుగున రావలసియున్నది.

ఇక కట్టడమునకు వత్తము. తన పీఠమునకు తగిన ప్రధాన దేవాలయమొకటి కావలెనని అజరయ్యకు మొదటినుండియు కోరిక. ఇంగ్లండునుండి నమూనా తెప్పించుట సులభము. నాటి మిషనులలో అత్యధికము అదే చేసినవి. మన రాజ్యమునందే, మెదకులో, వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవుకాలమున పని కల్పించి కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని శిఖరమును, రంగుగాజు కిటికీలను చూచి ముగ్ధులు కానివారుండరు, నేనును ముగ్ధుడనే. కాని దాని శిల్పభాష గోథిక్ భాష. దానిని గీసినవారు ఇంగ్లండులోని వాస్తుశిల్పులు.

అజరయ్య ఆ త్రోవ త్రొక్కలేదు. డోర్నకల్ గుడికి గుమ్మటములున్నవి, మినారులున్నవి. లోనికడుగిడినచో దేవాలయ మండపమును తలపించు స్తంభములున్నవి, పద్మములున్నవి. ఆ అన్నిటికిని పైన సిలువయున్నది. ముస్లిము శిల్పరీతియు, హిందూ శిల్పరీతియు క్రైస్తవారాధనకు గూడు కట్టినవి. దీనిని చూచి, ఇది వింత కలగూర యని పెదవి విరిచినవారు ఆనాడు కలరు, నేడును కలరు. వారితో నేనేకీభవింపను. పాతబస్తీలో నివసించు మనకు ఈ సమ్మేళనము క్రొత్తది కాదు. కుతుబుషాహీ సమాధులయొద్దకు పోయి ఆ గుమ్మటములు లేచిన చోటు చూడుడు. గుమ్మటపు పాదమున చుట్టును పద్మదళములు విచ్చుకొని, ఆ దళములనుండియే గోళము పైకి లేచును. 1591లో చార్మినారును నిలిపిన వంశపు శిల్పులు పద్మమును పరాయిదనుకొనలేదు. మూసీ గట్టుపై వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ కట్టించిన హైకోర్టు గుమ్మటములు, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు ఆ రీతినే క్రొత్తకాలమునకు తెచ్చినవి. డోర్నకల్ శిల్పము ఈ వంశవృక్షములోని కొమ్మయే గాని దారితప్పిన తీగ కాదు.

ఒక కాలసామ్యము నన్నెంతయు ఆకర్షించినది. డోర్నకల్ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. అదే సంవత్సరము డిసెంబరు 4న, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలను ప్రారంభించెను. ఆ కళాశాలలో కూడ ఎల్లోరా, అజంతా స్తంభములు క్రింద, ముస్లిము తోరణములు పైన. ఒకే రాజ్యమునందు రెండు సంస్కృతుల కూడికను రాతిలో చూపవలెనని దాని శిల్పుల సంకల్పము. ఆ కట్టడమును గూర్చి మన చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. దానికి పదునొకండు నెలలు ముందుగా, ఖజానా లేనివాడు, రాజ్యము లేనివాడు, పల్లెవాండ్ర కానుకలును దేశవిదేశ మిత్రుల విరాళములును పోగుచేసికొనిన తిరునల్వేలి వాడొకడు, అదే భావమును ఒక రైలు జంక్షనులో రాతికెక్కించిన సంగతి మాత్రము మన గ్రంథములలో కానరాదు. దక్కను శిల్పచరిత్ర పుటలలో ఈ రెండు కట్టడములు ఎదురెదురుగా నుండదగినవి.

ప్రతిష్ఠకు ఎన్నుకొన్న దినము కూడ ఆలోచించి ఎన్నుకొన్నది. జనవరి 6 ఎపిఫనీ పండుగ; తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును వెంబడించి వచ్చి, శిశువగు యేసు ముందర బంగారము, సాంబ్రాణి, బోళము నుంచి నమస్కరించిన దినము. యూదులు కాని జనములు తమ తమ కానుకలతో వచ్చిన దినముగా సంఘము దీనిని జరుపును. గుడికి పెట్టిన పేరును ఎపిఫనీ కథీడ్రలే. తెలుగునేల తన గుమ్మటమును, తన పద్మమును, తన కీర్తనను తెచ్చి అర్పించుటయే ఈ పేరులోని భావమని గుడిలోనికి వచ్చిన పల్లెవానికి వేరుగా చెప్పవలసిన పని లేదు.

దేశరాజకీయములలో అజరయ్య పాత్రను సంక్షేపముగా చెప్పి ముందుకు సాగుదము. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతములవారీ ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించినప్పుడు, భారతీయ క్రైస్తవులకు అట్టివి వలదని ఆయన ఎదిరించెను; సంఘము ఓట్ల మూటగా మారినచో దాని ఆత్మ నశించునని ఆయన వాదము. 1935లో అంబేద్కరు తాను హిందువుగా మరణింపనని యేవలాలో ప్రకటించిన తరువాత మతాంతరములపై వివాదము రగిలినది. ఆ దినములలో గాంధీగారికిని అజరయ్యకును భేదాభిప్రాయము తీవ్రమైనది. అణగారినవానికి తన దేవుని తాను ఎన్నుకొను బుద్ధియు హక్కును కలవని అజరయ్య; ఆకలిగొన్నవాని యొద్దకు మతముతో పోరాదని గాంధీ. ఇద్దరును ఆ వాడలను ప్రేమించినవారే. ఒకరిని మెచ్చుకొనుటకు మరియొకరిని తగ్గించుట న్యాయము కాదు. ఆ వాడలలోని మనుష్యుడు తానే వచ్చి తానే నిర్ణయించుకొన్నాడని రిజిస్టరులోని గళ్లు చెప్పుచున్నవి గనుక, ఈ విషయమున నా మొగ్గు బిషప్పు వైపే.

ఆయన మరియొక కల సంఘముల ఐక్యము. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ గురువులు కూడి ఒక ప్రకటన చేసిరి. ఆ సభకు అజరయ్య అధ్యక్షుడు. యూరపులో పుట్టిన తగవులను భారతదేశపు పల్లెలు ఎందులకు మోయవలెను? ఒకే వాడలో ఒక వీథి ఇంగ్లండు సంఘము, మరియొక వీథి స్కాట్లండు సంఘము అనుట పల్లెవానికి అర్థము కాదు. చర్చలు ఇరువదియెనిమిదేండ్లు సాగినవి. ఫలితమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూసెను. డెబ్బదియేండ్ల వయస్సున, తాను ముప్పదియైదేండ్ల క్రితము కాలుమోపిన ఊరిలోనే, మరణించెను. 1947 సెప్టెంబరు 27న మదరాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించెను. సిలువయు పద్మమును దాని గుర్తు. స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఆరువారములు. నిజాము రాజ్యమునందలి మెదకు వెస్లియనులును, డోర్నకల్ ఆంగ్లికనులును ఆ దినముతో ఒకే సంఘమువారైరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు మాత్రము పలువురు చాలకాలము వేరుగా నిలిచి, 1970 దశకమున గాని చేరలేదు.

అజరయ్య అనంతరము ఆంథొనీ ఎలియట్ బిషప్పయ్యెను. ఆంధ్రలోని జిల్లాలు క్రమముగా వేరు అధ్యక్షఖండములయినవి. డోర్నకల్‌లో గురువులకు శిక్షణనిచ్చిన వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో కలసినది. ఆ కళాశాల తరువాత హైదరాబాదు చేరి, నేడును ఇచ్చటనే గురువులను తయారుచేయుచున్నది. రాజధాని గుడి డోర్నకల్‌ను పుట్టింపలేదు గాని, డోర్నకల్ బడి రాజధానికి వచ్చినది. 2016 నుండి ఆ ఊరు మహబూబాబాదు జిల్లాలో నున్నది. కాజీపేట, బెజవాడల నడుమ పోవు బండ్లు నేటికిని ఆ జంక్షను మీదుగనే పోవును.

ఈ గుడిని పురావస్తుశాఖ రక్షిత పట్టికలోని కట్టడములతో సమానముగా చూడవలెనని ప్రభుత్వమును, సంఘపెద్దలను కోరుచున్నాను. సున్నము రాలిన చోట సిమెంటు పూసి, పాత స్తంభములకు మెరుపు రంగులు వేయుట మరమ్మతు కాదు. పాత కట్టడముల పని తెలిసిన మేస్త్రీలను పిలిపించి చేయింపవలెను. అంతకంటె త్వరపడవలసినది రిజిస్టరుల విషయమున. పల్లె గుడుల పెట్టెలలో, రిటైరైన గురువుల యిండ్లలో, ఉపదేశుల మనుమల అటకలపై బాప్తిస్మపు పుస్తకములు, వివాహపు పుస్తకములు, పాత అధ్యక్షఖండ పత్రికలు కలవు. పాఠకులలో ఎవరి యింటనైనను అవి యున్నచో, చెద పట్టకముందే, ఒక్కొక్క పుటను ఫోటో తీయించి, డోర్నకల్ అధ్యక్షఖండ కార్యాలయమునకును, హైదరాబాదులోని వేదాంత కళాశాల గ్రంథాలయమునకును ఒక్కొక్క ప్రతి పంపుడు. వచ్చు సంచికలో బొల్లారం హోలీ ట్రినిటీ దేవాలయ చరిత్ర.